ముందు షోర్వా రుచి చూడమనే మా సార్

మా సార్ పోయారన్న కబురు నాకు డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి ఫోన్ తెరిచాను. గులాబీల దండ మధ్యలో సార్ ఫొటో, కింద “నా ప్రాణమిత్రుడు, అజాతశత్రువు, మృదుభాషి ఇక లేరు” అని ఉంది. నిద్రలోనే పోయారట. ఏడుపు రావాల్సిన చోట ముందు ఒళ్లు మండింది. మృదుభాషి ఏమిటి? మా సార్ నోట ఒక మాట పడితే మనిషి కోలుకోవడానికి రోజులు పట్టేది. అజాతశత్రువు ఏమిటి? ఆ క్యాంపస్‌లో ఆయనకున్నంతమంది శత్రువులు ఇంకెవరికీ లేరు. వాళ్లను ఆయన ఊరికే సంపాదించుకోలేదు, ఉద్యోగమంతా కష్టపడ్డారు. ఆ శత్రువుల్లో అందరికంటే ముందు వరసలో ఉండే పెద్దమనిషే ఈ మెసేజ్ పెట్టింది. పాలు పొంగి పొయ్యంతా అయ్యాక గానీ నాకు ఏడుపు రాలేదు.

ఆ పెద్దమనిషికి పేరెందుకు? రీసెర్చ్ స్కాలర్లమంతా ఆయన్ని ఓనరు గారు అనేవాళ్లం. చరిత్ర విభాగంలో మా సార్‌తో పాటే ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యారు. తార్నాకలో ఒక సందులో మూడంతస్తుల ఇల్లు కట్టి, పైన తాను ఉంటూ కింది భాగాలు కిరాయికిచ్చారు. అప్పట్నుంచి క్లాసులో మౌర్యుల గురించి చెప్తున్నా మధ్యలో కిరాయిదార్ల గురించి రెండు మాటలు పడేవి. సెమినార్లలో మాత్రం ఆయన అంశం ప్రపంచ సంస్కృతులు. ఏ దేశం పేరెత్తినా రెండు చేతులూ చాపి, మనుషులంతా ఒకే కుటుంబం అనేవారు. ఆ కుటుంబంలోంచి ఎవరైనా ఇల్లు చూడ్డానికి వస్తే గేటు దగ్గరే నిలబెట్టి కులం, తిండి అడిగి పంపేవారు.

మా సార్ నా పీహెచ్‌డీ గైడు. ఆయనది సముద్రం వైపు ఊరు, వాళ్ల నాన్నగారు చర్చి బడిలో టీచరు. ఓనరు గారిదీ ఆ వైపే. ఇద్దరి మధ్యా అంతకు మించి పోలికేమీ లేదు. సెమినార్‌లో ముఖ్య అతిథి మైకు అందుకోగానే మా సార్ ముందు వరసలో కూర్చుని బత్తాయి ఒలుచుకునేవారు. ఒలవడం పూర్తయ్యేలోపు ఆ అతిథి ఒక్క కొత్త మాట చెప్పినా ఆయన కోసం ఒక తొన దాచిపెడతానని మాకు చెప్పారు. దాచిన తొన నేనెప్పుడూ చూడలేదు.

నా మొదటి చాప్టర్ ఇచ్చినప్పుడు నాలుగు పేజీలు తిప్పి, “అమ్మాయ్, ఇది నువ్వు రాశావా, లైబ్రరీలో పాత థీసిస్‌లు రాశాయా?” అన్నారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన అద్దాలు పైకి జరిపి చూసి, “ఏడుపు సొంతంగా బాగానే వస్తోంది. రాత కూడా అలాగే రావాలి. పద, ఏదన్నా తిందాం” అన్నారు.

అలా మొదటిసారి లాన్ అక్క హోటల్‌కి వెళ్లాను. లాన్ అక్క ఇంగ్లీషు నేర్చుకోవడానికి వియత్నాం నుంచి మన క్యాంపస్‌కి వచ్చింది. ఇంగ్లీషు పూర్తిగా రాకముందే లాలాగూడ రైల్వే క్వార్టర్స్ అబ్బాయి ఒకతను పరిచయమయ్యాడు. పెళ్లి చేసుకుని అత్తగారి దగ్గర తెలుగు నేర్చుకుంది. తర్వాత ఎక్కువ కిరాయి ఒప్పుకుని ఓనరు గారి ఇంటి కింద షట్టర్ తీసుకుని చిన్న హోటల్ పెట్టింది. గోడకి ఆనించిన కొన్ని బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, లోపలికి చూస్తే వంటగది, అంతే. కొత్తగా వచ్చినవాళ్లు ఆమెతో ఇంగ్లీషులో కుస్తీపడుతుంటే, ఆమె తాపీగా విని, “గంత తకలీఫ్ ఎందుకన్నా, తెలుగుల చెప్పు” అనేది. వాళ్ల మొహాలు చూడాలి!

“ఏంది సార్, గింత లేట్ చేసిన్రు? కూసోండ్రి. షోర్వా మస్తు మరిగింది, జల్ది తెస్త” అంది ఆ రోజు.

పెద్ద గిన్నెలో తెల్లటి బియ్యపు సేమ్యా, దాని మీద చీరిన కోడిమాంసం, ఉల్లికాడలు, కొత్తిమీర, అన్నీ మునిగేలా పొగలు కక్కే షోర్వా. పక్కన పళ్లెంలో పెసర మొలకలు, ఘాటు వాసనేసే ఆకులు, నిమ్మబద్ద, తరిగిన ఎర్ర మిరపకాయలు. దీన్ని ఫో అంటారని సార్ చెప్పారు. నేను కూర్చున్నదే తడవుగా మిరపకాయల మీద చెయ్యి వేశాను. సార్ ఆ పళ్లెం లాగేసుకున్నారు.

“ముందు షోర్వా రుచి చూడు. రుచి చూడకుండా కారం వేసుకునేవాడూ, పుస్తకం తెరవకుండా రివ్యూ రాసేవాడూ ఒకటే. మన డిపార్ట్‌మెంట్ నిండా వాళ్లే ఉన్నారు. నువ్వు కూడా చేరకు.”

మొదటి చెంచా చప్పగా తగిలింది. మా జనగామ వైపు కూరలు తిని పెరిగిన నాలుక అది, ఇంకేమనుకుంటుంది? రెండో చెంచాకి దాల్చినచెక్క తెలిసింది. తర్వాత అనాసపువ్వు, కాల్చిన అల్లం, కాల్చిన ఉల్లిగడ్డ, వీటన్నిటి అడుగున ఎముకల్లోంచి నెమ్మదిగా దిగిన తీపి. మన బిర్యానీలో పడే దినుసులే చాలావరకు. బిర్యానీలో అన్నీ ఒకేసారి మీద పడతాయి, ఇక్కడ ఒక్కొక్కటే వచ్చి పలకరించాయి. గిన్నె ఎత్తి అడుగున మిగిలింది కూడా తాగేశాను. సార్ ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే మెచ్చుకోలు.

అప్పట్నుంచి ప్రతి శనివారం అక్కడే కూర్చునేవాళ్లం. పల్చటి బియ్యపు పొరలో రొయ్యలు, పుదీనా చుట్టిన రోల్స్‌ని పల్లీ చట్నీలో ముంచుకు తినేవాళ్లం. చివర్లో కాఫీ. గ్లాసు అడుగున చిక్కటి తియ్యటి డబ్బా పాలు పోసి, పైన చిన్న స్టీలు జల్లెడ గిన్నె పెట్టి లాన్ అక్క తెచ్చేది. డికాషన్ చుక్క చుక్కగా దిగుతుంటే సార్ నా చాప్టర్ని చీల్చి చెండాడేవారు. ఆఖరి చుక్క పడగానే ఆపేసేవారు. కాఫీ తాగుతూ ఎవరినీ తిట్టకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. ఆ జల్లెడ ఇంకొంచెం తొందరగా కారితే బాగుండునని నేను ప్రార్థించిన రోజులున్నాయి. అయినా నా రాత మనిషి రాసినట్టు తయారైంది అక్కడే. ఆ రుణం నేను ఏ సభలోనూ చెప్పలేకపోయాను.

ఆ వంటకి ప్రాణం ఊరబెట్టిన చేప సాస్. రెండు చుక్కలు పడితే చాలు, షోర్వా నిలబడుతుంది. సీసా మూత తీసినప్పుడు మాత్రం వాసన వస్తుంది, అబద్ధమెందుకు? ఒక శనివారం ఓనరు గారు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని మెట్లు దిగి వచ్చారు.

“ఏమ్మా, ఏమిటీ కంపు? పైన సంసారాలున్నాయి. నువ్వు ఏం మాంసం వండుతున్నావో అని సందులో రకరకాలుగా అనుకుంటున్నారు. క్రిస్మస్‌లోపు ఖాళీ చేసెయ్.”

“కోడి సార్. గీ మూల మీద షాపుల నుంచే తెస్త. మీ ముంగటనే కడుగుత, ఒక్కపారి చూడుండ్రి” అంది లాన్ అక్క.

“నాకవన్నీ చెప్పకు.”

సార్ గిన్నెలోంచి తల ఎత్తారు. “మీ ఆవిడ ఎండు నెత్తళ్లు వేయించిన రోజు నేను వీధి చివర నా ఇంట్లో కిటికీలు మూసుకుంటాను. నిన్నెప్పుడన్నా ఊరు ఖాళీ చెయ్యమన్నానా?”

“అది మన తిండి. దీనికీ దానికీ పోలికేంటి?”

“అదీ చేపే, ఇదీ చేపే. ఎండబెడితే సంస్కృతి, ఊరబెడితే కంపా? వచ్చే సెమినార్‌లో దీని మీద ఒక పేపర్ చదువు, నేను బత్తాయి కూడా తెచ్చుకోను.”

ఓనరు గారు మొహం గంటు పెట్టుకుని పైకి వెళ్లిపోయారు. లాన్ అక్క బల్ల తుడిచిందే తుడుస్తూ నిలబడింది. “గీడ తప్ప ఎవ్వరు ఇస్తలేరు సార్. శానా మందిని అడిగినం. నా మొకం చూస్తనే షట్టర్ లేదంటున్నరు. మా అత్తకు గిది మొదటి నుంచి ఇష్టం లేదు. ఇప్పుడు మూస్తే మళ్ల పెట్టనియ్యదు” అంది. ఆమెకి అప్పటికి ఈ ఊళ్లో తనది అనుకునే చోటు ఆ వంటగది ఒక్కటే. సార్ కాఫీ తెప్పించుకుని ఆఖరి చుక్కదాకా తాగారు.

నా వైవా ఆ నెలలోనే ఉంది. మన యూనివర్సిటీల్లో వైవా అంటే అడిగే ప్రశ్నలు కాదు, పెట్టే భోజనం. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కీ డిపార్ట్‌మెంట్‌ మొత్తానికీ స్కాలరు బిర్యానీ పెట్టాలి. థీసిస్‌లో తప్పులు క్షమిస్తారు గానీ బిర్యానీలో ముక్కలు తగ్గితే క్షమించరు. పైగా నా వైవా బోర్డుకి చైర్మన్ సాక్షాత్తూ ఓనరు గారే. అలాంటిది సార్ నన్ను పిలిచి, భోజనం లాన్ హోటల్‌లో చెప్పమన్నారు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

“వద్దు సార్, బిర్యానీ చెప్పేస్త. ఆయన సంతకం పెట్టకుంటే నా డిగ్రీ ఆగిపోతది.”

“ఆపాలంటే నీ థీసిస్ చదవాలి. వాడికి అంత ఓపిక లేదు. అమ్మాయ్, వాణ్ణి నేను ఇన్నేళ్లుగా తిట్టి చూశాను, వీసమెత్తు మారలేదు. ఇంకో మందు వేసి చూద్దాం.”

నేను బిర్యానీ మాట పక్కన పెట్టి లాన్ అక్కకి భోజనం చెప్పాను.

వైవా గడిచింది. అందరూ తార్నాక వచ్చారు. మా ప్రొఫెసర్లు ఆ రోజు ఫో తిన్న తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ చీదరా కలిసి వస్తాయి. గిన్నెలు ముందుకు రాగానే షోర్వా అంతా గ్లాసుల్లోకి వంపించి పక్కన పెట్టించారు. ప్లేట్లు తెప్పించి సేమ్యా అందులో పరుచుకున్నారు. ఓనరు గారు పైనుంచి ఆవకాయ జాడీ దింపించారు. సేమ్యాలో ఆవకాయ కలుపుకుని, ఆకులన్నీ కరివేపాకులా ఏరి పారేసి, చేత్తో తిన్నారు. అది కానిచ్చాక, “ఇక అన్నం పెట్టమ్మా, ఈ చారు పోసుకుంటాం” అన్నారు. పొద్దుట్నుంచి ఎముకలు మరిగించి, మరిగించి తీసిన షోర్వా వాళ్లకి చారు! అన్నం లేదని లాన్ అక్క అంటే, చల్లారిపోయిన గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి, “ఏముంది ఇందులో, ఉప్పూ కారం లేవు” అని పెదవి విరిచారు. ఒకాయన పెరుగు అడిగాడు. వీళ్లంతా కలిసి చరిత్ర బోధిస్తారు.

వైజాగ్ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ ఒక్కరే వీళ్ల వంక చూడకుండా, గిన్నె దగ్గరికి జరుపుకుని వేడి వేడిగా చెంచాతో షోర్వా తాగారు. కాసేపు కళ్లు మూసుకున్నారు. “ఎంత బాగుంది! ఇక్కడ ఈ హోటల్ ఎవరి ఆలోచన?” అని అడిగారు.

మా సార్ కుర్చీలోంచి లేచారు. ఓనరు గారి భుజం మీద చెయ్యి వేశారు. “క్రెడిట్ అంతా ఈయనది మేడమ్. ఈ అమ్మాయికి ఊళ్లో ఒక్కరూ చోటివ్వకపోతే తన సొంత ఇంట్లో చోటిచ్చి నిలబెట్టారు. సంస్కృతుల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, చేసి చూపించింది ఈయనే” అన్నారు.

ఓనరు గారు మా సార్ వంక అనుమానంగా చూశారు. మేడమ్ చేతులు జోడించి, “మీలాంటివాళ్లు ఉండాలి సార్” అనేసరికి ఆ అనుమానం ఎక్కడికి పోయిందో తెలియదు. “ఏదో మేడమ్, మనుషులంతా ఒకే కుటుంబం కదా” అని మొదలుపెట్టారు. కాఫీలు వచ్చేసరికి వియత్నాన్ని తార్నాకకి భుజాల మీద మోసుకొచ్చింది తానే అయ్యారు. నా కాగితాల మీద సంతకం ఎప్పుడు పెట్టారో ఆయనకే తెలియదు. ఆ క్రిస్మస్‌కి లాన్ అక్క హోటల్‌లో కేకు కోసింది ఓనరు గారే.

వెళ్లేటప్పుడు, “అంత అబద్ధం ఎట్ల చెప్పిన్రు సార్?” అని అడిగాను.

“వాడి గురించి నిజం వాడికి తప్ప అందరికీ తెలుసు. మళ్లీ చెప్పి ఏం లాభం? ఆ పిల్ల పొయ్యి వెలగాలి, అంతే” అన్నారు. ఆ రోజు ఆయన గిన్నెలో సగం పైగా మిగిలిపోయింది. ఒక వెధవని పొగడడం ఆయన ఒంటికి పడలేదు. తిట్టడంలో ఆయనకున్న ఆనందం నాకు తెలుసు గనక, దాన్ని ఆ పిల్ల కోసం వదులుకోవడం ఎంత పెద్ద పనో కూడా తెలుసు.

తర్వాత నాకు మౌలాలి వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. శనివారాలు మాత్రం వదల్లేదు. ఇన్నేళ్లలో హోటల్‌కి మంచి పేరొచ్చింది. ఫోన్లు ఎత్తి పట్టుకుని గిన్నెతో మాట్లాడే యువకులు వచ్చి, షోర్వా చల్లారేదాకా వీడియో తీసుకుని, చల్లారిపోయిందని తిట్టి పోతుంటారు. సార్ వాళ్లని చూసి, వీళ్లకంటే ఆవకాయ బ్యాచ్ నయం, కనీసం తిన్నారు అనేవారు.

సార్‌ని సమాధి చేసిన వారంలోనే నేను హోటల్‌కి వెళ్తే లాన్ అక్క గిన్నె పెట్టి ఎదురుగా కూలబడింది. “చెల్లె, మొన్న పెద్ద సార్ మీదికెల్లి వచ్చిండు. ఇన్నొద్దులు మీ సార్ మొకం చూసి ఊకున్న, ఇగ ఖాళీ చెయ్ అంటుండు” అంది. ఆమె పెద్ద సార్ అనేది ఓనరు గారినే. నాకు తినబుద్ధి కాలేదు. మనిషి మట్టిలోకి దిగిన తడి ఆరలేదు, ఈయనకి అప్పుడే షట్టర్ గుర్తొచ్చింది.

డిపార్ట్‌మెంట్ హాల్లో సంతాప సభ పెట్టారు. ఒకాయన సార్ చిరునవ్వు మరిచిపోలేనన్నాడు. ఆయన కేసి సార్ ఏనాడూ నవ్వలేదు. ఇంకొకాయన సార్ పుస్తకం గొప్పదని చెప్తూ పేరు తప్పు చదివాడు. ఓనరు గారు మైకు దగ్గర కళ్లొత్తుకుని, చాప్‌స్టిక్ పుల్లలతో ఫో తినడం తన మిత్రుడికి తానే నేర్పానని చెప్పారు. నేను నిజాలన్నీ రాసుకుని వచ్చాను. ఆ నెత్తళ్లూ, ఆవకాయ జాడీ, షట్టరూ, అన్నీ ఆ హాల్లో పరిచి కడిగేద్దామని వచ్చాను. మైకు ముందు నిలబడి చూస్తే ఆఖరి వరస వెనక తలుపు దగ్గర లాన్ అక్క నిలబడి ఉంది. హోటల్ మూసుకుని వచ్చింది.

కాగితం మడిచేశాను. “మా సార్‌కి ఇలాంటి ప్రాణమిత్రుడు ఉండడం ఆయన అదృష్టం. సార్ జ్ఞాపకంగా, ఆయనకి ఇష్టమైన ఆ హోటల్‌ని ఎప్పటికీ అక్కడే ఉండనిస్తానని పెద్ద సార్ నిర్ణయించుకున్నారని తెలిసింది. ఇంత మంచి మనసుకి స్కాలర్లందరి తరఫున కృతజ్ఞతలు” అన్నాను.

హాలంతా చప్పట్లు. విద్యానగర్ నుంచి వచ్చిన సార్ చెల్లెలు, పాపం ఏమీ తెలియని మనిషి, లేచి వెళ్లి ఓనరు గారి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నారు. ఓనరు గారు నా వంక చూశారు, ఆమె వంక చూశారు, ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్న జనం వంక చూశారు. మైకు అందుకుని, “నా ప్రాణం ఉన్నంతవరకూ” అన్నారు.

మా సార్ గురించి ఒక్క నిజమైనా చెప్పకుండా వచ్చి కూర్చున్నాను. అందుకే ఇదంతా ఇక్కడ రాస్తున్నాను. ఆయన మృదుభాషి కాదు, నాకు తెలిసిన అందరికంటే మంచివారు. ఓనరు గారు ఇది చదివి ఎక్కడ షట్టర్ దింపిస్తారో అన్న భయం నాకు లేదు. ఆయన ఏదీ చదవరు.

సభ అయిన కొద్ది రోజులకే ఓనరు గారు హోటల్‌కి ఒక ఫొటో తెచ్చారు. వైవా భోజనం రోజు ఎవరో తీసిందట. సార్ ఓనరు గారి భుజం మీద చెయ్యి వేసి ఉన్నారు, ఆయన నవ్వుతున్నారు. పెద్దది చేయించి, అద్దం బిగించి, వంటగది కిటికీకి పైన కట్టించారు. నిన్న శనివారం వెళ్తే దాని కిందే కుర్చీ వేసుకుని, ఎవరో స్టూడెంట్లకి తమ స్నేహం గురించి చెప్తున్నారు. లోపల పెద్ద గిన్నె మూత తీసినప్పుడల్లా ఆవిరి వచ్చి అద్దానికి పట్టి ఇద్దరి మొహాలూ కనబడకుండా పోతున్నాయి. లాన్ అక్క స్టూలెక్కి భుజం మీది తువ్వాలుతో సార్ మొహం దాకా తుడిచి దిగిపోయింది.

“అక్కా, ఆ పక్క?” అన్నాను మెల్లగా.

“ఉండనీ తియ్ చెల్లె. షోర్వా చల్లారుతున్నది, తిను” అని లోపలికి వెళ్లింది.

నేను చెంచా అందుకున్నాను. పైన అద్దంలో సార్ ఒక్కరే ఉన్నారు, ఆయన చెయ్యి ఆవిరిలోకి చాపి.